రేవణసిద్ధప్ప ఎడమ చెయ్యి

ఫ్లెక్సీ కట్టుడు అయిపోయినంక చూసింది బస్వమ్మ. చూసి నోరెళ్లవెట్టింది. మెడ పైన తన పెనిమిటి రేవణసిద్ధప్పనే. మెడ కింద ఎవడో! కండలు తిరిగిన పిలగాడు, రెండు చేతుల తుపాకి పట్టుకొని నిలవడ్డడు.

"ఇదేంది శరణప్పా?" అని మరిదిని నిలదీసింది. "మీ అన్న మిలట్రీల వంట జేసిండు గద!"

"మెల్లగ వదినా," అన్నడు శరణప్ప అటిటు చూసి. "అన్న పోయిన యాడాది సభకు జహీరాబాదంత వస్తున్నది. వంటాయన అంటే ఇజ్జత్ ఏముంటది? జర ఊకో."

ఇజ్జత్ అంట, ఇజ్జత్! బస్వమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదిహేడేండ్లు మంచుకొండల మీద పొయ్యి ఆరనియ్యలే ఆ మనిషి. ఒక చలికాలం చిరిగిన గ్లౌజులతోనే మంచు తవ్వి, కరగవెట్టి, మూడొద్దులు జవాన్లకు చాయ్ పోసిండు. ఎడమ చేతి వేళ్లు రెండు నల్లవడితే దవాఖానల కోసేసిన్రు. నౌకరి అయిపోయి ఇంటికొచ్చినంక ఎవరు కలిసినా ఒకటే ముచ్చట, "ఎంతమందిని సంపినవే?" అని. "ఒక్కర్ని గూడ లే. ఆకలితోని గూడ ఎవ్వర్ని పండనియ్యలే" అనేటోడు. అందరు నవ్వెటోళ్లు. బతికినన్నొద్దులు నవ్విన్రు, సచ్చినంక తుపాకి ఇచ్చిన్రు.

సభ మొదలైంది. మైకు దొరికినోళ్లందరు దుష్మన్లను తరిమిన్రు. బస్వమ్మ మైకు అడిగితే, "వదిన మాట్లాడే హాలత్ల లేదు, దుఃఖంల ఉంది" అని శరణప్ప తనే చెప్పేసిండు. అందరు అయ్యో పాపం అన్నరు. దుఃఖమా? పండ్లు కొరుక్కుంటున్నది ఆమె!

ఊకోవాలనే కూసుంది. గని కండ్లు ఆ ఎడమ చేతి మీదికే పోతున్నయి. తుపాకి కింద అయిదు వేళ్లు, నిండుగ. ముప్పై ఏండ్లు ఆమె పట్టుకున్న చేతికి మూడే. ఆమెకు జ్వరమొస్తే ఆ చేత్తోనే జొన్నరొట్టె చేసి పెట్టెటోడు. ఆఖరి దినం దవాఖానల ఆమె మణికట్టు పట్టుకున్నయి గూడ ఆ మూడు వేళ్లే.

ఇగ ఆగలే. పూలదండల కాడున్న కత్తెర తీస్కొని సక్కగ స్టేజీ ఎక్కింది. "వదినా!" అని శరణప్ప ఉరికొచ్చే లోపలనే ఫ్లెక్సీ మీది రెండు వేళ్లు కసకస కోసేసింది.

"తుపాకి మీరే ఉంచుకోండ్రి," అన్నది, మైకు లేకుంటనే అందరికి ఇనవడేటట్టు. "చెయ్యి మాత్రం నాది."

కోసిన ముక్కలు శరణప్ప చేతుల వెట్టి, "ఇగో, ఇవి ఆయనయి గావు" అని కిందికి దిగింది. దిగి, విస్తర్లు ఏసే కాడికి పోయింది. వచ్చినోళ్లకు ఆకలైతున్నది.