ఒక్క పూట గ్లౌజులు

జీడిపిక్క జారి, కర్ర దెబ్బ సన్యాసమ్మ బొటనవేలి మీద పడింది.

"ఓలమ్మో!" అని చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. పక్కవాళ్లు తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డారు. పొద్దున్నుంచి వాళ్లకూ అదే వరస. పలాసలో ఆ షెడ్డులో కూర్చున్న ఆడవాళ్లంతా ఏళ్ల తరబడి జీడిపిక్కలు కొడుతున్నవాళ్లే, చెయ్యి తప్పడం ఎరగరు. తప్పు చేతులది కాదు, వాటికి తొడిగిన గ్లౌజులది. పచ్చటి రబ్బరు గ్లౌజులు, ఇంకా కొత్త వాసన పోలేదు. కాల్చిన పిక్కను ఎడమచేతి వేళ్లతో రాతి మీద నిలబెట్టి, అదును చూసి కొట్టాలి. పప్పు చెదరకుండా వస్తే గుండు, విరిగితే ముక్క. గుండుకు కిలోకు ఆరు రూపాయలు, ముక్కకు అందులో సగం. ఆ అదును తెలిసేది వేళ్లకే. రబ్బరులోంచి ఏం తెలుస్తుంది?

అసలు అవి పని కోసం ఇచ్చినవి కావు, చూపించడానికి ఇచ్చినవి.

ఢిల్లీలో పై చదువు చదువుతున్న ప్రమోదిని అనే అమ్మాయి ఆ రోజు ఫ్యాక్టరీకి వచ్చింది. ఆమెది ఒరిస్సాలోని కటకం. పైదేశపు పిక్క దిగుమతి అయ్యాక ఇక్కడి పనివాళ్ల బతుకులు ఏమయ్యాయి, ఎవరెవరు ఊళ్లు విడిచిపోయారు అన్నది ఆమె పరిశోధన. యజమాని ఢిల్లీశ్వరరావు పరిశోధనలకు జడిసే మనిషి కాదు. కానీ ఇలాంటివాళ్లు రాసినవి చూసే ఇప్పుడు విదేశీ కంపెనీలు పప్పు కొంటున్నాయని విశాఖలో ఎవరో ఆయన చెవిలో వేశారు. అంతే, షెడ్డుకు సున్నం పడింది, ఆడవాళ్లకు గ్లౌజులు పడ్డాయి.

ప్రమోదినికి తెలుగు రాదు. తానే ఇంగ్లీషులోకి మార్చి చెబుతానని ఢిల్లీశ్వరరావు ముందే ఫోన్లో అంటే, పనివాళ్లలోనే ఎవరైనా ఒడియా వచ్చినవాళ్లుంటే బాగుంటుందని ఆమె నవ్వుతూ తప్పించుకుంది. ఆయన కూడా నవ్వుతూనే ఒప్పుకుని దుర్గను ఎంచుకున్నాడు. దుర్గ సన్యాసమ్మ కోడలు, పొట్టు తీసే షెడ్డులో పని. పుట్టిల్లు ఇచ్ఛాపురం పక్కన, తెలుగు ఎంతో ఒడియా అంతే. ఇక ఢిల్లీశ్వరరావుకు ఒడియా వచ్చన్న సంగతి బరంపురం వర్తకులందరికీ తెలుసు, దుర్గకూ తెలుసు. ప్రమోదినికి మాత్రం తెలియదు.

ఆమె వచ్చే ముందురోజు సాయంత్రం ఆయన దుర్గను ఆఫీసు గదికి రమ్మన్నాడు.

"కూలేమైనా తగ్గిందా అనడుగుతారమ్మా ఆ మేడమ్. రేటు తగ్గించేనా నాను? లేదు కదా. అదే సెప్పు. అబద్దం ఆడమంటున్నానా?"

ఆయన గొంతు తగ్గించాడు.

"మీ అత్త సేతులు సూసేను. పాపం, ఇంకెన్నాళ్లు కొడతాది? రేపు ఈ పని సక్కగా అయిపోతే ఎల్లుండి నుండి నీ పక్కనే, పొట్టు షెడ్డులో కూకోబెడతాను."

దుర్గ తల ఊపింది. ఊపకుండా ఎవరుండగలరు? సన్యాసమ్మ వేళ్లు చూస్తే తెలుస్తుంది. పిక్క పగిలినప్పుడల్లా పెంకులోంచి జీడిరసం చిమ్ముతుంది. అది తగిలిన చోట చర్మం కాలి, పొక్కి, ఊడి, కొత్తది వచ్చేలోగా మళ్లీ కాలుతుంది. సన్యాసమ్మ అరచేతులు నల్లగా బీటలు వారిపోయాయి. కూరలో కారం తగిలితే ప్రాణం పోతుంది కాబట్టి కోడలు కలిపి పెట్టిన అన్నం చెంచాతో తింటుంది. తాను కొట్టే షెడ్డుకు పోతానని, అత్తను తన చోట కూర్చోబెట్టమని దుర్గ ఎప్పుడో సూపర్వైజర్ రామూర్తిని అడిగింది. పొట్టు తీయడానికి కుర్ర వేళ్లు కావాలని అతను కొట్టిపారేశాడు. ఇప్పుడు యజమాని తన నోటితో తానే ఇస్తానంటున్నాడు.

ఈ బేరం సంగతి దుర్గ అత్తకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని తెలుసు.

ప్రమోదిని ప్లాస్టిక్ కుర్చీ వద్దని ఆడవాళ్ల మధ్య గోనెసంచి మీద కూర్చుంది. మంచి పిల్ల. పొగకు కళ్లు మండుతున్నా తుడుచుకుంటూ ఓపిగ్గా అడుగుతోంది. ఆమె వెనకాల ఢిల్లీశ్వరరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మొజురి కొమిఛి కి?" అంది.

కూలి తగ్గిందా అని ఆ మాటకు అర్థం. దుర్గ ఆడవాళ్ల వైపు తిరిగింది. "మనకి రేటు తగ్గించినారేటని అడగతంది," అంది.

"రేటు తగ్గించనేదు," అన్నారు వాళ్లు. నిజమే కదా. దుర్గ దాన్నే, కూలి తగ్గలేదని, ఒడియాలో తిప్పి చెప్పింది.

కూలి వేరు, రేటు వేరు. తొంభై తొమ్మిది తుపానుకు ఉద్దానం జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. కొత్తగా వేసిన మొక్కలు ఇంకా కాపుకు రాలేదు. ఈ నాలుగేళ్లుగా ఫ్యాక్టరీకి వచ్చేది ఎక్కువగా ఓడల్లో దిగే ఆఫ్రికా పిక్క. ఆడవాళ్లు దాన్ని సీమపిక్క అంటారు. చిన్నది, నెలల తరబడి సంచుల్లో మగ్గి వస్తుంది, ఎంత ఒడుపుగా కొట్టినా ముక్కలవుతుంది. గుండు రేటు ఎక్కడిదక్కడే ఉంది, గుండే రావడం లేదు. రోజుకు నలభై అయిదు రూపాయలు వచ్చే చోట ఇప్పుడు ముప్ఫై వస్తే గొప్ప. ఒక్క మాట మార్పులో ఇదంతా కొట్టుకుపోయింది. ఢిల్లీశ్వరరావు దుర్గ వైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆమె తల తిప్పుకుంది.

మీ ఇంట్లోంచి ఎవరైనా పని కోసం ఊరు విడిచి వెళ్లారా అని ప్రమోదిని దుర్గనే అడిగింది.

దుర్గ భర్త యువరాజు తుపానులో తోట పోయిన మరుసటి ఏడు విశాఖలో ఓడెక్కి అండమాన్ వెళ్లాడు. అక్కడ ఇళ్ల కట్టుబడి పని. ఇంతవరకూ మళ్లీ రాలేదు. వాళ్ల పిల్లకు తండ్రంటే ఫొటోయే. దుర్గ ఢిల్లీశ్వరరావు కళ్లలోకి చూసింది. ఇక్కడ అందరికీ పనుందని, ఎవరూ ఎక్కడికీ పోలేదని ఒడియాలో చెప్పింది. ఊళ్లో లేని మొగుణ్ని ఉన్నాడని చెప్పడం ఇంత తేలికా అని తనమీద తనకే అసహ్యం వేసింది.

అంతలో గేటు దగ్గర హారన్ మోగింది. విశాఖ పోర్టు నుంచి పిక్కల లారీ. తూకం తేడా వచ్చిందని డ్రైవరు కేకలు పెడుతున్నాడు. ఢిల్లీశ్వరరావు రామూర్తిని అక్కడ ఉండమని సైగ చేసి బయటికి నడిచాడు. రామూర్తికి ఒడియా ముక్క రాదు.

ఇప్పుడు దుర్గ నోరు నొక్కేవాడు లేడు. అయినా ఆమె కళ్లు అత్త గ్లౌజుల మీదే ఉన్నాయి.

ప్రమోదిని చూపు కూడా అక్కడే పడింది. ఇవి వేసుకుంటే పని ఎలా ఉందో అడగమంది. దుర్గ అడిగింది. సన్యాసమ్మ ఎదురు చూస్తున్నట్టే అందుకుంది.

"ఎలగుంతాది? ఈయాల పొద్దున్న ఇచ్చినారు, నువ్వు జీపెక్కగానే లాగీసుకుంతారు. ఈటితోటి పిక్క ఆనదు, వేల్లు సితికిపోతన్నాయి. అదొగ్గీ. సీమపిక్క వొచ్చినకాణ్నించి అంతా ముక్కే. రేటు తగ్గనేదు గానీ కూలి పడిపోనాది. నా కొడుకు అండమానెల్లిపోనాడు. సెప్పే, అన్నీ సెప్పు ఆ పిల్లకి."

దుర్గ తల దించుకుంది. "భొలొ," అంది.

ప్రమోదిని పెన్ను ఆపింది. అంతేనా అన్నట్టు అత్తను చూసింది, కోడలిని చూసింది.

సన్యాసమ్మ కూడా కోడలినే చూస్తోంది. "ఏటే, నానంత సెప్పితే ఆ పిల్లకి ఒక్క మాటే ఎల్లినాది? భొలొ అన్నావు కదా? మూటలు దింపీ ఒడియా కుర్రోల్లు నా గంజి తాగి అనీది ఆ మాటే. బాగుందని. నాకు తెల్దనుకున్నావేటి? నానెప్పుడన్నానే బాగుందని?"

షెడ్డులో కర్రల చప్పుడు ఆగిపోయింది.

"అత్తా, ఊరుకో. నీ కోసవే అన్నాను."

"నా కోసవేటి?"

ఇక దాచలేక దుర్గ చెప్పేసింది. "నిన్ను పొట్టు షెడ్డుకి మారుత్తానన్నారు బాబు. నీ సేతులు సూడనేకపోతన్నాను అత్తా. ఈ ఒక్క పూటకి ఊరుకో."

సన్యాసమ్మ మొహంలోకి ఆశ వచ్చింది. అందరూ చూశారు. పొట్టు షెడ్డులో పొగ ఉండదు, జీడి చిమ్మదు. అక్కడివాళ్లు అన్నం చేత్తో కలుపుకుని తింటారు. పక్క రాయి దగ్గర సూరమ్మ ఉంది, నిరుడే పనిలో చేరింది, ఆమె వేళ్లకు ఇప్పుడిప్పుడే నలుపు పడుతోంది. సన్యాసమ్మ అటు చూసింది.

"నానెల్లిపోతే ఈ రాయి కాడ ఎవులు కూకుంతారే? మరొకర్తే కదా. ఆ యమ్మ సేతులు కాల్తంటే, నా నోటితోటి బాగుందని సెప్పించీసి, నాను పక్క సెడ్డులో సల్లగా కూకోవాలా?"

గ్లౌజు కొస పట్టి లాగింది. చెమటకు అంటుకుపోయిన రబ్బరుతో పాటు పొక్కు పొర కూడా ఊడింది. పళ్లు బిగబట్టి రెండోదీ లాగింది.

"ఓలప్పా, ఏటది? ఏసుకో, బేగి ఏసుకో!" అని రామూర్తి పరిగెత్తుకొచ్చాడు.

సన్యాసమ్మ అతన్ని పట్టించుకోకుండా రెండు చేతులూ ప్రమోదిని ముందు చాచింది. ఆ పిల్ల ముట్టుకోబోయి, నొప్పి పెడుతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది. దుర్గ వైపు తిరిగి మొదటి ప్రశ్నే మళ్లీ అడిగింది.

"మొజురి కొమిఛి కి?"

అప్పటికే ఢిల్లీశ్వరరావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చాచిన చేతులు చూశాడు, రాతి పక్కన పడి ఉన్న గ్లౌజులు చూశాడు.

"సెప్పమ్మా దుర్గా," అన్నాడు మెత్తగా. "మేడమ్ అడుగుతున్నారు కదా."

ఈ గేటు మూసుకుంటే ఊళ్లో ఏ గేటూ తెరుచుకోదు, యజమానులంతా ఒక్క మాట మీద ఉంటారు. దుర్గ అత్త చేతుల వైపు చూసింది. ఏ చేతుల కోసం అబద్ధమాడిందో అవే చేతులు ఇప్పుడు ఆమె మాట కోసం ఎదురుచూస్తున్నాయి.

"కొమిఛి," అంది. తగ్గింది.

తర్వాత మిగతాదీ చెప్పింది. సీమపిక్క, ముక్క, అండమాన్, గ్లౌజులు. ప్రమోదిని తలెత్తకుండా రాసుకుంది. ఢిల్లీశ్వరరావు అడ్డురాలేదు, కోప్పడలేదు. అంతా విని, మార్కెట్ బాలేదని తానూ రెండు మాటలు చక్కటి ఒడియాలో చెప్పాడు. ఆ ఒడియా విన్న ప్రమోదిని ఉలిక్కిపడి దుర్గ వైపు చూసింది. తాను ఎవరి ఎదుట ఏమి అడిగించిందో ఆమెకు అప్పుడు అర్థమైంది. కానీ మధ్యాహ్నం రైలుకు ఆమె వెళ్లిపోవాలి. వెళ్లేముందు దుర్గ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టులో బాధ ఉంది, అంతకు మించి ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

జీపు వెళ్లగానే రామూర్తి గోనెసంచి పట్టుకుని గ్లౌజులు ఏరడం మొదలుపెట్టాడు. ఢిల్లీశ్వరరావు గుమ్మంలోంచి అతనికే చెబుతున్నట్టు అన్నాడు.

"రేపు లోడు తక్కువుంది రామూర్తీ. అందరూ అక్కర్లేదు."

పేర్లు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది.

దుర్గ అత్త పక్కన కూలబడింది. "రేపు మనల్ని గేటు కాడే ఆపీత్తారు అత్తా. ఎందుకు రావడం?"

సన్యాసమ్మ వట్టి వేళ్లతో ఇంకో పిక్క రాతి మీద నిలబెట్టింది.

"వత్తాం. ఇంటికాడ కూకుని మనకి మనవే మానీడమేటి? పొమ్మని ఆ బాబే అనాల, అందరూ ఇనేలాగ నోటితోటి అనాల. తెలుగులోనే అంతాడు కదా, అది నువ్వు తిప్పి సెప్పక్కర్నేదు."

కర్ర ఎత్తి, అదును చూసి కొట్టింది.