మూడు దిండ్లు

తడిబట్టల బకెట్టుతో మేడమెట్లు ఎక్కుతూ ఆమె మూడుచోట్ల ఆగింది. "మెట్టుమెట్టుకీ ఆగుతావేంటి, ఊరేగింపా?" అన్నాడు భర్త కిందనుంచి, నవ్వుతూనే. ఆరో నెల. "కడుపుతో ఉన్నవాళ్ళకి ఆయాసం మామూలే. మేం కనలేదా?" అంది అత్తగారు. నిజమే కాబోలు అనుకుని, గోడ పట్టుకుని ఊపిరి కూడదీసుకుని, బట్టలన్నీ ఆరేసే దిగింది.

మర్నాడు ఆస్పత్రిలో బరువు చూస్తున్న పొడుగు సిస్టర్, ఆమె ముఖంలోకి చూసి రాయడం ఆపేసింది.

"రాత్రిళ్ళు ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావమ్మా?"

"మూడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు."

సిస్టర్ ఆమె చెయ్యి పట్టుకుని తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. పరీక్షలు చేసి డాక్టరమ్మ చెప్పింది, చిన్నప్పుడు కీళ్ళనొప్పులతో వచ్చిన జ్వరం గుండెలో ఒక వాల్వుని ఇరుకు చేసి పోయిందట. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు వెంట వచ్చిన భర్త. చెప్పకేం! ఆమె ఆయాసం అన్నప్పుడల్లా ఇంట్లో వాళ్ళకి బద్ధకం అని వినిపించింది, అంతే.

అప్పటినుంచి కాన్పు దాకా వార్డులోనే ఉంచారు. గుండె డాక్టరూ, కాన్పుల డాక్టరమ్మా కలిసి వచ్చి చూసేవారు. పొద్దున్నే సిస్టర్ నాడి చూసి, మాత్రలూ మంచినీళ్ళూ చేతికి అందించేది. పెళ్ళయ్యాక తనకి ఇంకొకరు మంచినీళ్ళు అందించడం అదే మొదలు. ఆ గ్లాసు పట్టుకుని ఒకరోజు ఆమె ఊరికే ఏడ్చింది.

నొప్పుల వేళ సిస్టర్ చెవి దగ్గరికి వంగి, "నువ్వు గట్టిగా ముక్కకు తల్లీ, గుండెకి భారం. మిగతాది మేం చూసుకుంటాం," అంది. ఆ మాటకి ఒళ్ళంతా తేలికైంది. ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ చెప్పింది, త్వరలో వాల్వు బాగు చేయించుకోవాలని, అందాకా మళ్ళీ కడుపు కూడదని.

"ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం," అన్నాడు భర్త.

"పసిపిల్లతో ఇప్పుడు ఆపరేషనేంటి? ఇల్లెవరు చూస్తారు?" అంది అత్తగారు.

"మీరు చూస్తారత్తయ్యా. ఈయన సాయం చేస్తారు," అంది ఆమె మెల్లగా. "తేదీ ఇప్పుడే రాయండి డాక్టరుగారూ."

ఆపరేషను కాగితం మీద సంతకానికి, బిడ్డని ఎత్తుకున్న చేతులు ఖాళీ కావాలి. భర్త చేతులు చాచాడు, అత్తగారూ చాచింది. ఆమె బిడ్డని పొడుగు సిస్టర్ చేతుల్లో పెట్టి, కలం అందుకుంది.