గడి లేని మాత్ర

సోమవారం భోజనాలయ్యాక హరిణి మాత్రల పెట్టె నింపడానికి కూర్చుంది. ఏడు రోజులకు ఏడు వరుసలు, వరుసకు నాలుగు గడులు. భర్త సాయిశ్రీనివాస్‌కు రక్తపోటుకొకటి, కడుపు మంటకొకటి, ఎడిటింగ్ గదిలో కాఫీ మీద కాఫీ తాగి వచ్చాక నిద్ర పట్టడానికొకటి. అత్తగారు శారదాదేవికి చక్కెరకు, థైరాయిడ్‌కు, మోకాళ్లకు. ఏడాదిగా హరిణికీ ఒకటి తోడైంది, గుండెదడకు. జూబ్లీహిల్స్‌లోని ఆ మూడంతస్తుల ఇల్లు మాత్రలతో లేచి మాత్రలతో పడుకుంటుంది. కొనేది ఆమె, నింపేది ఆమె, ఒక పూట తప్పితే మాట పడేదీ ఆమే. "ఇంట్లో ఊరికే ఉంటావు కదా, ఈ ఒక్క పనైనా సరిగ్గా చూసుకోలేవా?" అన్న భర్త మాట ఎంత పాతదంటే, ఇప్పుడు ఆయన అనకపోయినా పెట్టె మూత తెరవగానే అదే వినిపిస్తుంది.

"హరిణీ," హాల్లోంచి అత్తగారు పిలిచింది. "ఆదివారం అబ్బాయి మాల వేసుకుంటున్నాడు, గుర్తుందా? నీవి మొదలుపెట్టు. వంట పిల్లకి కూడా ఇచ్చెయ్. మధ్యలో బయట చేరిందంటే స్వాములకి నేను వండలేను తల్లీ!"

నెలసరిని వెనక్కి నెట్టే మాత్రలవి. వాటికి పెట్టెలో గడి లేదు. హరిణివి చీరల అడుగున ఉంటాయి. వంటమనిషివి కాగితంలో మడిచి చేతిలో పెట్టడం అలవాటు.

మొదటిసారి మాల వేసుకున్న ఏడాదే సాయిశ్రీనివాస్ నిర్మించిన తొలి సినిమా బాగా ఆడింది. నాటి నుండి తొమ్మిదేళ్లుగా కార్తీకం రాగానే నల్లబట్టలు, నేల పడక, చన్నీళ్ల స్నానం. మధ్యాహ్నం ఇరవై మంది స్వాములకు ఇంట్లోనే భిక్ష. నియమాలన్నీ నిష్ఠగా పాటించేవాడు, కాదనడానికి లేదు. నలభై ఒక్క రోజులపాటు ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు నెలసరిని ఎలా తప్పించుకుంటున్నారో మాత్రం ఒక్కనాడూ అడగలేదు. తన భక్తి వల్లనే అలా జరుగుతోందని అనుకున్నాడేమో.

ఆ ఇద్దరిలో రెండవది బాలమణి. ఫిలింనగర్ బస్తీ నుండి ఎత్తు ఎక్కి వచ్చి పన్నెండేళ్లు వండిపెట్టిన మనిషి. మొదటిసారి కాగితం విప్పి చూసి నవ్వింది. "గింత గోలీకి భయపడి ఆగుతదా అమ్మా? మంచిదే తియ్, నాకు గూడ బట్టలుతికే తిప్పలు తప్పె." మందుల షాపువాడు చీటీ అడగలేదు. హరిణి కూడా ఏ డాక్టరునూ అడగలేదు.

నిరుడు దీక్ష ముప్పయ్యవ రోజున బాలమణి పొయ్యి దగ్గర ఒంటికాలి మీద నిలబడింది. "అమ్మా, పిక్క బగ్గ గుంజుతున్నది. ఉబ్బింది సూడుండ్రి. జర కూసుంటనా?"

"స్వాములు వచ్చే వేళయింది బాలమణీ. పప్పు దించి కూర్చో." ఆ మాట అన్నది అత్తగారు కాదు, భర్త కాదు, హరిణి. అని, పెట్టెలోంచి ఒక నొప్పి మాత్ర తీసి, టీతో పాటు ఇచ్చింది. బాలమణి పప్పు దించింది. భిక్ష ముగిసింది. మూడు గంటలకు అందరి టీలోకి చిన్నరోట్లో అల్లం దంచుతూ, ఊపిరి అందక, గట్టు పట్టుకొని కూలబడింది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ అడిగింది. "కాలి నుంచి రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు వెళ్లినట్టుంది. పీరియడ్స్ ఆపడానికి గానీ, పిల్లలు పుట్టకుండా గానీ టాబ్లెట్స్ వాడుతోందా?"

నల్లబట్టల్లో, చెప్పుల్లేని కాళ్లతో నిలబడ్డ సాయిశ్రీనివాస్ ముఖం చిట్లించాడు. "అలాంటివేం లేవండీ. భర్త పోయి పదేళ్లయింది. పద్ధతైన మనిషి."

హరిణి నోరు తెరిచింది. మాలలో ఉన్న మనిషి ఎదుట, నలుగురు మగవాళ్ల మధ్య, ఆ మాట. నోరు మూసుకుంది. చెబితే బాలమణి బతికేదో లేదో ఆమెకు తెలియదు. తెలియకపోవడమే ఆమెను తింటోంది. ఇప్పుడు వంట చేసేది బాలమణి కూతురు పుష్పవల్లి. ఆ పిల్ల అల్లం దంచదు, తురుముతుంది. రోలు అటక మీదికి పోయింది. అయినా మూడయ్యేసరికి వంటగదిలో దంచుడు చప్పుడు మొదలవుతుంది. నాలుగు దెబ్బలు, ఒక ఆగడం. నాలుగు దెబ్బలు, ఒక ఆగడం. దడ మాత్ర వేసుకున్నా అది ఆగదు.

ఆరోజూ మొదలైంది. హరిణి కాగితం మడిచి వంటగదిలోకి నడిచింది. టీ నీళ్లు మరుగుతున్నాయి. పుష్పవల్లి తడి చేతిని చున్నీకి తుడుచుకొని, ఏమిటని అడగకుండానే అరచెయ్యి చాపింది. వాళ్లమ్మ కూడా అలాగే చాపేది.

హరిణి గుప్పిట తెరవలేదు.

"ఏంది మేడం అది?"

చెప్పింది. మాత్ర పేరు, తొమ్మిదేళ్ల లెక్క, పిక్క నొప్పి, పప్పు, డాక్టరమ్మ ప్రశ్న. మధ్యలో ఏడవకూడదని పళ్లు బిగబట్టి చెప్పింది. ఏడిస్తే ఆ పిల్లే తనను ఓదార్చవలసి వస్తుంది.

పుష్పవల్లి పొయ్యి ఆపేసింది. "డాక్టర్ అడిగినప్పుడు మీరు గాడనే ఉన్నరా?"

"ఉన్నాను."

"అమ్మ పోయినంక నాకు ఫోన్ కొనిచ్చిన్రు. పండుగకు డ్రెస్సు గూడ తెచ్చిన్రు." గొంతు పెరగలేదు. "గీ మాట ఒక్కటి చెప్పలే. నేను పదకొండు నెల్ల సంది మీకు చాయ్ పోస్తున్న."

హాల్లోంచి అత్తగారి గొంతు. "టీ ఏమైందే? తల పగిలిపోతోంది!" మెట్ల మీద సాయిశ్రీనివాస్ అడుగులు.

హరిణి చీరల అడుగున ఉన్న మాత్రల అట్టలన్నీ తీసుకొచ్చి, టీ కప్పులు ఉండవలసిన ట్రేలో పరిచి, హాల్లో తల్లీకొడుకుల ముందు పెట్టింది.

"ఆనాడు డాక్టరు అడిగినవి ఇవేనండీ. తొమ్మిదేళ్లుగా నేను మింగాను, బాలమణి చేత మింగించాను. ఇక మీదట ఈ ఇంట్లో ఎవరూ మింగరు. మాల వేసుకోవాలో వద్దో మీరే ఆలోచించుకోండి."

"మగపిల్లాడి ముందు ఏం మాటలే అవి!" శారదాదేవి చెవులు మూసుకుంది. యాభై ఏళ్ల ఆ మగపిల్లాడు ట్రే వంక చూస్తూ, "ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వడం? ఎవరికి లాభం?" అన్నాడు.

గేటు దగ్గర పుష్పవల్లి చెప్పులు వేసుకుంటోంది. హరిణి వెళ్లి పక్కన నిలబడి, ఆనాటి డాక్టరమ్మ ప్రశ్నకు జవాబు ఆసుపత్రిలో రాసిస్తానంది. ఆ పిల్ల రమ్మనలేదు, వద్దనలేదు. ఆటోలో ఇద్దరి మధ్య చేతి సంచీ ఒక్కటే కూర్చుంది.

ఆసుపత్రిలో రికార్డుల కిటికీ వెనక గుమాస్తా బాలమణి ఫైలు వెతికి తీశాడు. కూతురి సంతకం తీసుకున్నాడు. చనిపోయిన మనిషి ఫైల్లో ఇప్పుడేం చేర్చాలని విసుక్కున్నాడు. చివరికి ఒక తెల్లకాగితం తోసి, వాంగ్మూలంలా రాసి డాక్టరుకు ఇవ్వమన్నాడు. హరిణి కలం తీసుకుంది. ఎక్కడో రోలు చప్పుడు, నాలుగు దెబ్బలు, ఒక ఆగడం.

"పేషెంటుకి మీరేమవుతారమ్మా?"

"ఆ మాత్రలు ఇచ్చినదాన్ని," అంది హరిణి.