రాకుమారి గొంతులో కొత్త ఊపిరి

“మళ్లీ” అన్నాడు ఎవారిస్తో, మెట్ల వాద్యం మీంచి వేళ్లు తీయకుండానే.

డ్యూక్ గారి మేనకోడలు ఫుల్వియా మళ్లీ పాడింది. పై స్వరానికి ముందు ఊపిరి తీసిన చప్పుడు వినపడలేదు. భుజాలు కదలలేదు. స్వరం సన్నగా మొదలై, నిండుగా పెరిగి, మెల్లగా సన్నబడింది. ఇది అతను నేర్పింది కాదు.

ఎవరో చాటుగా నేర్పుతున్నారు. నేపుల్స్ నుంచి దిగిన ఆ కుర్ర గాయకుడు స్కొత్తియే అయ్యుంటాడు. ఎవారిస్తో గది మూలన వేలాడే తెరవైపు ఓరగా చూశాడు. స్కొత్తి పీల్చే నశ్యం వాసనేమైనా తగులుతుందా అని గాలి పీల్చాడు. ఎవారిస్తోవి పీక్కుపోయిన చెంపలు, సిరా ఇంకిన గోళ్లు. మొదెనా డ్యూక్ కొలువులో పాటలు నేర్పడం, పండగలకు చర్చికి ప్రార్థనాగీతాలు కట్టడం, అతని బతుకంతా అంతే. ఆ గీతాలు ఒక్కసారి పాడి బీరువాలో పెట్టేసేవారు. ఇప్పుడు ఈ కొలువు కూడా పోతే?

బయటికొచ్చి కాపలా ముసలాయన్ని నిలదీశాడు. “నేను చర్చికి వెళ్లాక లోపలికెవరొస్తున్నారు?”

“బయటినుంచి ఎవరూ రారు మాస్టారూ!” అని నవ్వాడు ముసలాయన. ఆ నవ్వు అతనికి నచ్చలేదు.

ముందుగదిలో, రోజూ అతని వెంట కోటకి వచ్చే చెల్లెలు దొమితిల్లా ఎప్పటిలాగే అతని ఉన్ని అంగీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భర్త పోయాక అన్న ఇల్లే ఆమె ఇల్లు.

“చర్చిలో గాయకులచేత పాడించి వస్తా. ఇక్కడే ఉండు.”

“అలాగే అన్నయ్యా.”

మెట్లు సగం దిగి, చప్పుడు కాకుండా వెనక్కొచ్చాడు. పాఠం గది తలుపుకి చెవి ఆనించాడు.

“భుజాలు వదిలెయ్యి తల్లీ. కోసిన కర్బూజా వాసన చూస్తున్నావనుకో. గొంతు దానంతటదే తెరుచుకుంటుంది.”

తలుపు తోశాడు. రాకుమారి పక్కన దొమితిల్లా.

“నువ్వా? నీకెవరు నేర్పారే?”

“నువ్వే. ఇంట్లో పక్కగదిలో పిల్లలకి నువ్వు పాఠం చెబుతుంటే వంట చేసుకుంటూ విన్నాను. నువ్వు చెప్పినట్టు పాడితే గొంతు నొప్పెట్టేది. మార్చుకున్నాను.”

“నాతో చెప్పొచ్చుగా!”

“చెబితే ఊరుకునేవాడివా?”

ఫుల్వియా మధ్యలోకొచ్చింది. “మాస్టారూ, నా పెళ్లయ్యాక ఈవిడని నాతో అత్తవారి ఊరు టూరిన్ తీసుకెళ్తాను. కాదనకండి.”

తనకి తెలియకుండా ఇంకా ఏమేం అనుకున్నారోనని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. చివరికి వాద్యం ముందు కూలబడ్డాడు.

“పాడు” అన్నాడు చెల్లెలితో.

ఆమె పాడింది. ఊపిరి ఎక్కడ తీసిందో అతనికి అంతుపట్టలేదు. వాయిస్తూ వాయిస్తూ ఒక స్వరం తప్పాడు. ఆమె ఆగి, అతను అందుకునేదాకా ఎదురుచూసింది.

ద్రాక్ష కోతలయ్యాక రాకుమారి బండ్లు టూరిన్ దారి పట్టాయి. ఆ మధ్యాహ్నం ఎవారిస్తో చర్చి నుంచి ఇంటికొచ్చి, గుమ్మంలో ఆగి, లోపల ఎవరైనా ఉన్నారేమోనని చెవి ఒగ్గాడు.

పొయ్యి పక్కన మట్టిగిన్నెలో, పొద్దున బండెక్కే ముందు దొమితిల్లా నానబోసి వెళ్లిన చిక్కుడుగింజలు నీళ్లన్నీ పీల్చుకుని అంచుదాకా ఉబ్బి ఉన్నాయి.