అద్దాలాయన జడలు

రెండు జడల మధ్య వేలు దూర్చబోయి ఆమె ఆగిపోయింది. వేలు దూరలేదు. మెడ వెనక నాలుగు జడలు మొదళ్ల దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని, అరచేతి వెడల్పున చాపముక్కలా అట్టకట్టి ఉన్నాయి.

"ఇదేంటండీ? తలంటుకున్నాక మొదళ్లు విడదియ్యమని చెప్పానా లేదా?"

"చేతులు వెనక్కి పోవడం లేదు. భుజం పట్టేసింది," అన్నాడు అద్దాలాయన. కిటికీలకు అద్దాలు బిగించే మనిషి. వీధిలో అందరికీ ఆ పేరే తెలుసు.

"పట్టదా మరి, ఇంత బరువు మోస్తుంటే!"

ఇవి అల్లుకునే జడలు కావు. జుట్టు తనలో తాను చిక్కుపడి తాళ్లలా బిగిసిన జడలు. అక్క ఇంటి ముందుగదిలో వాటిని చూసుకోవడమే ఆమె పని. ఒకసారి జడలు కట్టాక ఇంకేం పనుంటుందని జనం అనుకుంటారు. అవి మొదట్లో పులిసిన పిండిలా పొంగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ బిగుస్తాయి. నీళ్లు పడినప్పుడల్లా పక్కపక్కవి కలిసిపోవాలని చూస్తాయి. కలవనిస్తే జడ లావెక్కుతుంది, బరువుకి లాగి లాగి కుదురు పలచబడుతుంది. చివరికి ఏదో ఒకరోజు జడకి జడే ఊడి చేతిలోకి వస్తుంది.

అద్దాలాయన జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో మొదటి పాయ తీసింది ఆమే. అందరూ చిటికెనవేలంత చాలంటే ఆయన బొటనవేలంత కావాలన్నాడు. వద్దని చెప్పి చూసింది. వినలేదు. ఇప్పుడవి నెరిసి, ముదిరి, ఒక్కొక్కటీ నీళ్లు పీల్చిన తాడంత బరువున్నాయి. ఇన్నేళ్లలో ఇద్దరి మధ్యా నడిచిన మాటలు చాలావరకు "తల వంచండి", "తల ఎత్తండి" అన్నవే.

అలాంటి మనిషి పోయినసారి లేచి చొక్కా దులుపుకుంటూ, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా అన్నాడు. "మా ఇంట్లో ఇద్దరికి చోటుంది. పెళ్లి చేసుకుని వచ్చెయ్యరాదూ? తొందరేం లేదు, వచ్చేసారి చెప్పు."

నెత్తిన పిడుగు పడ్డట్టయింది ఆమెకి. చేతిలో, జడలు బిగించే కొక్కెం మొన క్రోషే సూది ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. యాభై దాటిన మనిషిని, ఇంతకాలం ఒక్కరూ అడగని మాట అడిగితే ఏం కావాలి? ఊళ్లో సగం తలలు నిమిరిన చేతులివి. తన తల నిమిరే చెయ్యి మాత్రం అమ్మతోనే పోయింది. ఆయన అడిగినప్పట్నుంచీ ఆ అదురు తగ్గనే లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. వీధి తలుపు తీసిపెట్టి పడుకుంది.

పక్కగదిలో కుట్టుమిషను ముందున్న అక్క సంగతి విని, పళ్ల మధ్య పట్టుకున్న దారం ముక్కను మింగినంత పని చేసింది. "ఈ వయసులో పెళ్లేంటే? నలుగురూ నవ్వరూ?" అంది. సాయంత్రానికి తనే వచ్చి, "నవ్వితే నవ్వనీలే. నవ్విన నాపచేనే పండుతుంది," అంది.

ఆమె ఒప్పుకోవాలనే నిశ్చయించుకుంది. ఇవాళ చివరి జడ అయ్యాక చెబుదామనుకుంది. ఆయనా ఆ ఊసెత్తలేదు. బల్ల మీది దూది దిండుకు నుదురు ఆనించి మెడ ఆమెకి అప్పగించేశాడు.

అట్టకట్టిన చోట నూనె వేళ్లతో మెత్తబరిచి, వెంట్రుక వెంట్రుకా తెగకుండా విడదీసింది. మరీ లావెక్కిన జడను కొస నుంచి నిలువునా కత్తెరతో చీల్చి రెండు చేసింది. చీలిన అంచుల్లో లేచిన వెంట్రుకల్ని సూదితో లోపలికి లాగి బిగించింది.

"నొప్పిగా ఉందా?"

"తల కాదు. ఎడమ చెయ్యి లాగుతోంది."

"అదీ ఈ బరువే. మెడ పట్టిందంటే చేతిదాకా లాగుతుంది. లావుజడల వాళ్లందరిదీ ఇదే గోల. ఇవాళ్టితో తీరిపోతుందిలెండి."

ఆయన మెడ చెమటతో తడిసిపోయింది. తుండుగుడ్డతో తుడిచి, కిటికీ తెరిచింది.

"ఇప్పుడెలా ఉంది?"

"తేలిగ్గా ఉంది," అన్నాడు దిండులోకి.

ఆ తర్వాత మాట్లాడలేదు. ఆమె చేతికింద అందరూ నిద్రపోతారు. పడుకున్నవాళ్లను ఆమె లేపదు, అది ఆమె పద్ధతి. కాస్త గర్వం కూడా. ఇంకో జడ చీల్చింది. ఇంకోటి బిగించింది. నిద్రపోతున్న మనిషితో మాట్లాడటం ఎంత సులువో అప్పుడే తెలిసొచ్చింది.

"వస్తాను," అంది మెల్లగా. "కానీ పని మానను. పగలు ఇక్కడికే వచ్చి చేసుకుంటాను. వంట చెరిసగం. అక్కని పండక్కీ పబ్బానికీ కాదు, ఎప్పుడంటే అప్పుడు పిలుచుకుంటాను. ఏమంటారు?"

తనకే నవ్వొచ్చి పెదవి కొరుక్కుంది. మేలుకున్నాక ఇంత ధైర్యం ఉంటుందో లేదో అనుకుంది. చివరి జడ తాపీగా, అవసరానికి మించి నున్నగా బిగించింది.

"అయిపోయిందండీ. తల ఎత్తండి."

ఎత్తలేదు.

"తల ఎత్తండీ."

భుజం తట్టింది. బల్ల మీది చెయ్యి జారి కిందికి వేలాడింది. ఆమె కేక విని అక్క పరుగున వచ్చి, వంగి, అంతసేపూ దిండులో ఉన్న ఆ ముఖాన్ని చూసింది. చూసి చెల్లెలి చేతిలోని సూది తీసేసుకుంది.

"ఆయన లేరే," అంది.

వీధి చివర ఉండే డాక్టరు వచ్చి చూశాడు. "గుండెపోటు. పోయి చాలాసేపే అయింది. భుజం నొప్పి, చెయ్యి లాగడం, చెమటలు... ఏమన్నా చెప్పాడా?"

"చెప్పారు," అంది ఆమె. "జడల బరువనుకున్నాను."

డాక్టరు తన సంచి సర్దుకున్నాడు. ఆమెకి ఏడుపు రాలేదు. కళ్లు పెద్దవి చేసుకుని ఆ మెడనే చూస్తూ, ఒక్కో జడనే వెనక్కి వెతుక్కుంటూ వెళ్లింది. ఏ జడ దగ్గర పోయారు? చీల్చిన జడ దగ్గరా? దాని పక్కదాని దగ్గరా? తను వస్తానన్నప్పుడు ఉన్నారా? వేళ్లు ఏ జడ దగ్గరా తేడా కనిపెట్టలేదు. వేళ్లకి తెలియనిది ఇంకెవరినడగాలో ఆమెకి తెలియలేదు.

అద్దాలాయన తమ్ముడు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి అన్నను తీసుకెళ్లాడు. వెళ్తూ వెళ్తూ, "జడలు బాగా కుదిరాయమ్మా," అన్నాడు, ఏమనాలో తోచక.

అక్క గది ఊడ్చి, దిండు దులపబోయింది. "ఉంచు," అంది ఆమె. నుదురు ఆనిన చోట దిండులో గుంట అలాగే ఉంది, దాని అంచున చెమట తడి ఇంకా ఆరలేదు.