శ్రీనగర్‌లో ఉండిపోయిన అటెండెంటు

1990 జనవరి ఆఖరి వారంలో జూబ్లీహిల్స్‌లో నిర్మాత అచ్యుతరామయ్య ఆఫీసుకు శ్రీనగర్ నుంచి ఫోనొచ్చింది. చేసినాయన పేరు అహద్ జూ. దాల్ సరస్సు మీద పడవ ఇల్లు నడుపుకునే పెద్దాయన. మీ కెమెరా మనిషిని నిన్న పొద్దున తుపాకులు పట్టుకొచ్చి తీసుకుపోయారు, నా పడవలోంచే తీసుకుపోయారు, ఆపలేకపోయాను అని హిందీలో రెండుసార్లు చెప్పాడు. లైను తెగిపోయే లోపల పేరు కూడా చెప్పగలిగాడు. వీరయ్య.

వీరయ్య కెమెరామన్ కాదు, కెమెరా అటెండెంటు. కెమెరాలు అద్దెకిచ్చే కంపెనీ తరఫున పెట్టెల వెంట షూటింగులకు వెళ్లి, లెన్సులు తుడిచి, ప్యాకప్ చెప్పాక అన్నీ సర్దుకుని వెనక్కి తేవడం అతని పని. ముప్పై ఏళ్లుంటాయి. షేక్‌పేట పాత ఊళ్లో తండ్రి బాలనర్సయ్య, భార్య నీలమ్మ, నాలుగేళ్ల కూతురుతో ఉండేవాడు. నీలమ్మ ఇంట్లోనే మిషను పెట్టుకుని కృష్ణానగర్ డాన్సర్లకు జాకెట్లు కుట్టేది.

డిసెంబరులో మంచులో ఒక పాట తీయడానికి యూనిట్ గుల్‌మార్గ్ వెళ్లింది. పాట సగంలో ఉండగా శ్రీనగర్‌లో కేంద్రమంత్రి కూతుర్ని మిలిటెంట్లు ఎత్తుకుపోయారు. అయిదు రోజులకు ప్రభుత్వం జైల్లో ఉన్న వాళ్ల మనుషుల్ని అయిదుగుర్ని వదిలిపెట్టి ఆమెను విడిపించుకుంది. ఆ సాయంత్రం వీధుల్లో జనం ఊరేగింపులు చూసి హీరో బెదిరిపోయాడు. దొరికిన విమానంలో దొరికినట్టు అందరూ వచ్చేశారు. ట్రాలీ, లైట్లు, పెట్టెలు మాత్రం లారీలో రావాలి. కొండదారి మంచుతో మూసుకుపోయింది. సామానుకు ఎవరో ఒకరు కాపలా ఉండాలన్నారు. సామానుతో శ్రీనగర్ చేరి, అహద్ జూ పడవ ఇంట్లో వీరయ్య ఉండిపోయాడు. మంచు తగ్గేసరికి లారీవాళ్లు రామన్నారు. జనవరిలో కర్ఫ్యూ వచ్చింది.

వీరయ్యను ఎత్తుకుపోయిన మూడో రోజు ఒక గుంపు పత్రికలకు ప్రకటన ఇచ్చింది. కెమెరాలతో దొరికినవాడు దూరదర్శన్ మనిషి, మా కుర్రాళ్ల మొహాలు పోలీసులకు చూపించడానికి వచ్చాడు, జైల్లో ఉన్న మావాళ్లను ఇద్దర్ని వదిలితే ఇతన్ని వదులుతాం అని.

నీలమ్మ జూబ్లీహిల్స్‌కు నడిచి వెళ్లింది. అచ్యుతరామయ్య చెడ్డవాడేమీ కాదు. ఢిల్లీకి నాలుగుసార్లు ఫోన్లు చేయించాడు. ఆమెను కూర్చోబెట్టి, భార్య శేషారత్నం చేత కాఫీ ఇప్పించి, తనకు తెలిసిన ఎంపీ చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్కసారి ఇచ్చినందుకే ఇంత జరుగుతోంది, ఇక ఎవరి కోసమూ ఎవర్నీ వదలకూడదని పైన అనుకున్నారట.

నీలమ్మ కాఫీ ముట్టలేదు. "మంత్రి బిడ్డకు అయిదుగుర్ని ఇచ్చిన్రు గద సార్. నా మొగనికి ఇద్దర్నే అడిగిన్రు."

అచ్యుతరామయ్య తల వంచుకున్నాడు.

తర్వాత ఆమె సెక్రటేరియట్‌కు పోయింది. అక్కడ అర్జీ తీసుకుని ముద్ర వేశారు. ఇది కేంద్రం చూసుకోవాల్సిన సంగతన్నారు. సినిమా యూనియన్ వాళ్లు ఖండన తీర్మానం చేసి పేపర్లో వేయించారు. హీరో కారుకు అడ్డంగా స్టూడియో గేటు దగ్గర నిలబడితే అద్దం దించి, తప్పకుండా మాట్లాడతానన్నాడు. మంచిగానే అన్నాడు. మర్నాడు ఊటీకి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి పదమూడున శ్రీనగర్ దూరదర్శన్ డైరెక్టర్ని కాల్చి చంపారు. ఆ వార్త రేడియోలో విన్నప్పుడు నీలమ్మ మిషను మీద ఉంది. కుడుతున్న జాకెట్టు చేతిని తప్పు కుట్టి, విప్పి, మళ్లీ తప్పే కుట్టింది. వీరయ్యను దూరదర్శన్ మనిషనే కదా తీసుకుపోయారు. ఆ పూట పొయ్యి వెలగలేదు. పిల్లకు పక్కింటి బుచ్చమ్మ అన్నం పెట్టింది.

బాలనర్సయ్యకు అరవై దాటాయి. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, తహశీలు కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ రోజూ ఇరానీ హోటల్లో ఉర్దూ పేపరు చదివేవాడు. కొడుకును ఎత్తుకుపోయిన దగ్గర్నుంచీ మాట్లాడడం తగ్గించేశాడు. నీలమ్మే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మామా, ఎవరు వీళ్లు? వీళ్లకు తుపాకులు యాడికెళ్లి వస్తయి? జర నాకు తెలిసేటట్టు చెప్పు."

ఆయన తనకు తెలిసినంత చెప్పాడు. పదేళ్ల కింద రష్యా అఫ్ఘనిస్తాన్లోకి సైన్యాన్ని దించింది. దాని మీద కొట్లాడమని అమెరికా డబ్బు, ఆయుధాలు ఇచ్చింది. పాకిస్తాన్ వాటిని పంచింది. జిహాద్ అని దేశదేశాల నుంచి కుర్రాళ్లు వచ్చి చేరారు. పోయినేడు రష్యా వెళ్లిపోయింది. తుపాకులు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు, వాటిని పట్టడం నేర్పే జాగాలూ పోలేదు. ఈలోపల కాశ్మీర్లో ఎలక్షన్లు జరిగాయి, మోసం చేశారని పిల్లలకు కోపం వచ్చింది. జైళ్లలో పెట్టి కొట్టారు. ఆ పిల్లలు సరిహద్దు దాటి వెళ్లి, చేతులు నింపుకుని తిరిగొచ్చారు.

"గీ లడాయిలో మనం ఎవరం మామా?" అంది నీలమ్మ.

"ఎవరం గాదు బిడ్డా. గందుకే మన దిక్కు ఎవరూ జూస్తలేరు."

తనకు పద్దెనిమిదేళ్లప్పటి సంగతి చెప్పాడు. రజాకార్ల రోజుల్లో ఆయనతో ఒకే బెంచీ మీద చదివినవాడు తుపాకీతో వాళ్లింటికి వచ్చాడట. బాలనర్సయ్య తల్లి వాణ్ని పేరు పెట్టి పిలిచి, మీ అమ్మకు జ్వరం తగ్గిందా అని అడిగిందట. వాడు గడపలోనే నిలబడి, నిలబడి, వెళ్లిపోయాడట. అందరూ అట్లా పోలేదు, పక్క ఊళ్లో పోలేదు అని కూడా చెప్పాడు.

ఆ మాట విన్నాకే నీలమ్మకు ఆలోచన వచ్చింది. ఢిల్లీని అడిగి లాభం లేదు, పట్టుకున్నవాళ్లనే అడుగుదాం, నువ్వు ఉర్దూల రాయి మామా అంది. బాలనర్సయ్య భయపడ్డాడు. ఒక మాట అటూ ఇటూ అయితే ఉన్న ప్రాణం కూడా పోతుందన్నాడు. రెండు రోజులు కలం ముట్టలేదు. మూడో రోజు ఆమె పిల్లను తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టి, ఏమీ అనకుండా మిషను దగ్గరకు వెళ్లిపోయింది. అప్పుడు రాశాడు.

రాసింది ఆమెకు తెలుగులో చదివి వినిపించాడు. నా కొడుకు సర్కారు మనిషి కాదు, సినిమావాళ్ల పెట్టెలు మోస్తాడు. వాడు చూసే అద్దంలో ఎవరి మొహం పడుతుందో వాడికి తెలియదు, అద్దం తుడవడం వరకే వాడి పని. మీ అమ్మలు మీ కోసం ఎట్లా వాకిళ్లలో కూర్చున్నారో నా కోడలు నీలమ్మ అట్లాగే కూర్చుంది. వదలకపోతే చంపామనైనా చెప్పండి, ఎదురుచూడడం మానేస్తాం.

ఆ చివరి మాట తీసేయమని నీలమ్మ అడిగింది. ఆయన కొట్టేశాడు. తెల్లారాక మళ్లీ రాయమంది. ఒక ప్రతి శ్రీనగర్‌లోని ఉర్దూ పత్రికకు, ఇంకొకటి అహద్ జూకు, కింద షేక్‌పేట ఇంటి చిరునామాతో రిజిస్టర్ పోస్టులో పంపారు.

జవాబు రాలేదు. పోస్టులు సరిగ్గా పోవడం లేదని పోస్ట్‌మాస్టర్ అన్నాడు. మార్చి వచ్చింది. నీలమ్మ బొట్టు పెట్టుకునేటప్పుడు రోజూ చెయ్యి ఆగేది. పెట్టుకోవచ్చో లేదో చెప్పేవాళ్లు లేరు. బుచ్చమ్మ ఒకసారి, కర్మకాండల సంగతి అయ్యగారిని అడగమంటావా అంది. నీలమ్మ ఆమెతో వారం రోజులు మాట్లాడలేదు.

మార్చి ఇరవైన జమ్మూ నుంచి టెలిగ్రాం వచ్చింది. బతికి ఉన్నాను, బయల్దేరుతున్నాను అని వీరయ్య ఇచ్చింది.

వచ్చినవాడు పోయినవాడిలా లేడు. ఎడమ చెవి వినపడదు. అటు కొట్టారని మాత్రం చెప్పాడు. ఎవరు వదిలారు, ఎట్లా వదిలారు అంటే జవాబు చెప్పేవాడు కాదు. కంపెనీవాళ్లు పిలిచి పని ఇచ్చారు. మొదటి రోజే ఫైటు సీనులో ఉత్తుత్తి తూటాలు పేలితే సెట్లోంచి బయటికి పరుగెత్తాడు. మళ్లీ వెళ్లలేదు. టోలీచౌకిలో ఒక గోడౌనులో పనికి కుదిరాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం శాలువాల మూటతో ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఏటా చలికాలం బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఇళ్లకు తిరిగి శాలువాలు అమ్ముకునే కాశ్మీరీ. తాను అహద్ జూ బావమరిదినని, ఉత్తరం మీది చిరునామా పట్టుకుని వచ్చానని చెప్పాడు. బాలనర్సయ్య లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. ఆయన అహద్ జూ క్షేమం అడిగితే, ఏప్రిల్లో చంపేశారని వచ్చినాయన మెల్లిగా చెప్పాడు. వీరయ్యను పట్టుకున్నవాళ్లు కాదు, ఇంకో గుంపు. ఆ మద్రాసీని ఊరికే ఎవరు వదులుతారు, నువ్వు మిలిటరీకి కబుర్లు మోశావు, ముఖ్బిర్‌వి, వేగులవాడివి అన్నారు. ఇంటి ముందు మెట్ల మీదే కాల్చారు.

వీరయ్య గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. వచ్చినాయన తప్పుపట్టడానికి రాలేదు. ఆ రోజుల్లో తాను ఊళ్లో లేడు. బావ ఆఖరి రోజుల్లో ఏం చేశాడో తెలిసినవాడు వీరయ్య ఒక్కడే, అది వినిపోదామని వచ్చాడు.

అప్పుడు వీరయ్య నోరు విప్పాడు. ఎనిమిది నెలల్లో నీలమ్మ విననివన్నీ, వచ్చీరాని ఉర్దూలో చెప్పాడు. అహద్ జూ ఉత్తరం చేతపట్టుకుని మూడు ఊళ్లు తిరిగాడట. ఒక మసీదు దగ్గర ఆయన్నీ ఒక రోజు కట్టి కూర్చోబెట్టారట. ఉత్తరం పెద్దగా చదివి వినిపించమన్నారట. చదివితే వాళ్లలో ఒక కుర్రాడు లేచి బయటికి వెళ్లిపోయాడట. వదిలిన రోజు మంచులో ఇద్దరూ నాలుగు మైళ్లు నడిచారు. వీరయ్యకు చెప్పులు లేవు. పెద్దాయన తన బూట్లు విప్పి ఇచ్చి, గడ్డి చుట్టుకుని నడిచాడు.

"బస్సెక్కినంక బూట్లు ఇచ్చేస్తనన్న. వద్దన్నడు" అన్నాడు వీరయ్య.

బావమరిది అంతా విని, కళ్లు తుడుచుకుని, ఇది మా అక్కకు చెబుతానన్నాడు. నీలమ్మ అన్నం వడ్డించింది. కొంచెమే తిన్నాడు. వెళ్లడానికి లేచినప్పుడు ఆమె మామను మాట అందించమని, తెలిసిన నాలుగు ఉర్దూ ముక్కలతో అడిగింది. మా ఉత్తరం రాకుంటే ఆయన బతికేవాడని మీ అక్క అనుకుంటుందా అని.

ఆయన మూట ముడి సరిచేసుకున్నాడు.

"ఉత్తరం ఇంట్లో చదివింది బావే. విని, వెళ్లమన్నది మా అక్కే" అన్నాడు.

వీరయ్య మూట ఎత్తుకుని ఆయన్ను సందు చివరి బస్టాపు దాకా దిగబెట్టడానికి వెళ్లాడు. నీలమ్మ ఆ అక్క పేరు అడగడం మరిచిపోయింది. గుర్తొచ్చి సందు చివరి దాకా పరుగెత్తింది గానీ, అప్పటికే బస్సు కదిలిపోయింది.