గాజు తీసిన ఫోటో

ధనరాజుకి అన్నం పెట్టేది గాజే, అతను తిట్టుకునేదీ గాజునే. నెల్లిమర్ల బజారులో కళ్లద్దాల కొట్టు అతనిది. వారంలో ఆరు రోజులు ఊరివాళ్ల చూపుకి తగ్గట్టు అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. ఏడో రోజు కెమెరా మెడలో వేసుకుని మ్యూజియానికి పోయి, అక్కడి బీరువాల గాజు మీద కిటికీ నీడ పడుతోందని విసుక్కుంటాడు.

హైదరాబాదు మ్యూజియం చూశాడు, విశాఖలోవీ చూశాడు. పెద్దవాటిల్లో తిరిగితే కాళ్లు నొప్పులు తప్ప ఏదీ మనసులో నిలవదని అతని నమ్మకం. ఒకే వస్తువుని వంద సార్లు చూసినవాడే చూసినట్టు. అందుకే విజయనగరంలో ఎవరూ పట్టించుకోని ఒక చిన్న మ్యూజియాన్ని ఎంచుకున్నాడు. ఎవరో పాత ప్లీడరు గారు బతికినన్నాళ్లూ ఊళ్లు తిరిగి పోగుచేసిన సామాను అది. మూడు గదులు, పద్నాలుగు బీరువాలు. ఆయన పోయాక ట్రస్టు పెట్టారు. వారానికి పదిమంది వస్తే పండగ.

నాలుగేళ్లుగా ప్రతి నెలా మొదటి ఆదివారం, ఉదయం పదిన్నరకి, నేల మీద సుద్దతో గీసుకున్న గుర్తు మీదే నిలబడి, ఆరో బీరువాలోని ఇత్తడి తాబేలుని ఒక్క ఫోటో తీస్తాడు. అరచేతిలో పట్టేంత తాబేలు. శ్రీకూర్మం దగ్గర ఏదో పల్లె నుంచి వచ్చిందని చీటీ మీద రాసి ఉంటుంది. ఈ ఫోటోలన్నింటికీ కలిపి ‘గాజు వెనక’ అని పేరు పెట్టుకున్నాడు. వచ్చే ఆదివారం శ్రీకాకుళంలో ఫోటోగ్రఫీ క్లబ్బు వాళ్లు వాటిని గోడలకు వేలాడదీయబోతున్నారు. ధనరాజు బతుకులో అంతకంటే పెద్ద ఆదివారం రాలేదు.

అలాంటి వారంలో, మంగళవారం మధ్యాహ్నం అక్క లక్ష్మణమ్మ ఫోను చేసింది.

“ఒరే రాజూ, మీ బావని దొంగంటన్నారురా! తాబేలు మార్సీసినాడంట. నాలుగ్గంటలకి పోలీసులకి అప్పసెప్పేస్తారంట. నువ్వు బేగి ఎల్లరా నాయనా.”

ఆ మ్యూజియానికి కాపలాదారు అతని బావే. పేరు అప్పలసూరి. తాళాల గుత్తి నడుముకి కట్టుకుని పద్దెనిమిదేళ్లుగా ఆ మూడు గదులూ తుడుస్తున్నాడు. దొంగతనం మాట అటుంచి, బీరువా మీద వాలిన ఈగని కూడా సామీ అని బతిమాలి తోలే మనిషి. అక్క మాట వినగానే ధనరాజు కొట్టు మూసేశాడు. ఎందుకంటే ఆ తాబేలుకి ఏమయిందో లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు బావ. రెండోవాడు తనే.

ఫిబ్రవరి మొదటి ఆదివారం నాడు కిటికీ వెలుగు గాజు మీద మరీ తెల్లగా పడింది. ప్రతిసారీ అది తాబేలు ఎడమ వెనక కాలి మీదే పడి, ఆ మూల ఎలా ఉంటుందో ఒక్క ఫోటోలోనూ కనిపించనివ్వలేదు. ఆ రోజు ధనరాజుకి తిక్క పుట్టింది. “బావా, ఒక్క నిమిషం గాజు తియ్యి. ఒక్క ఫోటో. ఎవులు సూడొచ్చారు?” అని ప్రాణం తీశాడు. బావమరిది మాట కాదనలేక అప్పలసూరి తాళం తీశాడు. ఫోటో అద్భుతంగా వచ్చింది. కాలి మీద గీతలూ, చిప్ప అంచు కింద ఆవగింజంత బెజ్జమూ, అన్నీ తేటగా కనిపించాయి. ధనరాజు మాత్రం తెరలోకి చూసి పెదవి విరిచాడు. “సామి బొగ్గుముక్కలాగున్నాడు బావా. కన్ను తెలడం నేదు.”

అనవలసిన మాట కాదు. అనేశాడు.

ఆ నెలాఖరున శ్రీకూర్మంలో డోలోత్సవం దగ్గరపడింది. పండగ ముందు ఇంట్లో ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోమడం అప్పలసూరి పుట్టినప్పటినుంచీ చూస్తున్న పని. కూర్మనాథుడి రూపం నల్లగా మసిబట్టి ఉంటే, తాను కొత్త చొక్కా ఎలా వేసుకుంటాడు? బావమరిదికి కన్ను తెలియడం లేదాయె. ఒక మధ్యాహ్నం జనం లేని వేళ చూసి తాబేలుని పెరట్లోకి తీసుకెళ్లి, చింతపండు, ముగ్గుపిండి పెట్టి తళతళలాడేలా తోమి, తుడిచి, దణ్ణం పెట్టుకుని మళ్లీ బీరువాలో పెట్టేశాడు. మార్చిలో ధనరాజు వచ్చి చూసి గతుక్కుమన్నాడు. “బాగున్నాడు కదరా సామి?” అని బావ మురిసిపోతుంటే కాదనలేక నవ్వేసి, ఫోటో తీసుకుని వచ్చేశాడు. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాడు.

జూన్‌లో, ఆ మంగళవారం పొద్దున్న చూశారు. లెక్క సరిచూడ్డానికని ట్రస్టు విశాఖ నుంచి అనూరాధ అనే నిపుణురాలిని పిలిపించింది. ఆరో బీరువా దగ్గర ఆవిడ ఆగిపోయింది. రిజిస్టరులో ‘నలుపు, ఆకుపచ్చ కలిసిన రంగు, మిక్కిలి పురాతనము’ అని ఉంది. ఎదురుగా ఉన్నది నిన్న బజారులో కొన్న చెంబులా మెరుస్తోంది.

ధనరాజు వెళ్లేసరికి మధ్య గదిలో బల్ల మీద తాబేలు ఉంది. ఒక పక్క అనూరాధ, ఇంకో పక్క ట్రస్టు కార్యదర్శి గణపతిరావు కూర్చున్నారు. అప్పలసూరి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నడుముకి తాళాలు లేవు. అవి బల్ల మీద ఉన్నాయి.

“తోమినానంటున్నాడండీ,” అన్నాడు గణపతిరావు. “దొరికినవాడు ఏదో ఒకటి అనాలి కదా! అసలుది అమ్మేసి కొత్తది పెట్టాడు. అంతే.”

“తోమి ఉండొచ్చు, మార్చి ఉండొచ్చు,” అంది అనూరాధ. ఆవిడ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. “రిజిస్టరులో బరువు రాయలేదు. ఉన్న ఒక్క ఫోటో తపాలా బిళ్లంత, అదీ వెలిసిపోయింది. ఇదే ఆ తాబేలు అనడానికి ఒక్క గుర్తు చూపించండి చాలు. ధనరాజు గారూ, మీరు నెలనెలా ఫోటో తీస్తారటగా?”

“తీస్తానండి.” లాప్‌టాప్ సంచిలోంచి తీశాడు. దారిలో బస్సులో కూర్చుని అతను ఒక పని చేశాడు. ఫిబ్రవరి ఫోటోని వేరే చోటికి జరిపేశాడు. మిగతావాటితో పని జరిగిపోతే ఆ ఒక్కటీ బయటపడక్కర్లేదని అతని ఆశ. క్లబ్బులో అందరూ నోరు తెరుచుకుని చూసిన ఫోటో అదే. గాజు మీద నీడ ఎలా పోగొట్టారు మాస్టారూ అని అడిగితే, లెన్సుకి ఫిల్టరు పెట్టి వెనక నల్లగుడ్డ కట్టానని పాఠం చెప్పినంత పని చేశాడు. మూడడుగుల ప్రింటు ఈపాటికి ఫ్రేములో బిగించి ఉంటారు.

అనూరాధ ఒక్కొక్కటే చూసింది. నాలుగేళ్ల ఫోటోలు. అన్నింట్లోనూ నల్లటి తాబేలు, దాని ఎడమ వెనక కాలి మీద తెల్లటి కిటికీ. జనవరి దగ్గరా అంతే. తరవాతది మార్చి. పచ్చగా మెరుస్తున్న తాబేలు.

“చూశారా!” గణపతిరావు బల్ల మీద చరిచాడు. “మార్చిన నెల కూడా తెలిసిపోయింది. సాక్ష్యం బావమరిది దగ్గరే దొరికింది.”

బావని కాపాడ్డానికి తెచ్చిన ఫోటోలు బావ మెడకే చుట్టుకున్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

“ఫిబ్రవరి లేదే?” అంది అనూరాధ.

ధనరాజు తాబేలు వైపు చూశాడు. బావ వైపు చూడలేకపోయాడు.

“ఆ నెల జొరం వచ్చిందండి. రాలేదు.”

“బీరువా ఇంకెవరైనా తెరిపించారా?” గణపతిరావు అప్పలసూరి వైపు తిరిగాడు. “చెప్పు. ఎవడు తెరవమన్నాడో వాడి పేరు కూడా పోలీసులకిస్తాను. ఒక్కడివే ఎందుకు మునిగిపోతావ్?”

అప్పలసూరి తల అడ్డంగా ఊపాడు. “ఎవులూ నేరు బాబూ. నానే తీసినాను, నానే తోమినాను.”

“ఈయన ఫిబ్రవరిలో రాలేదా?” అని అడిగింది అనూరాధ.

వచ్చినవాళ్లు సంతకం పెట్టే పుస్తకం తలుపు దగ్గరే ఉంది. ఫిబ్రవరి మొదటి ఆదివారం కింద తన సంతకం ఉంది. ఆ మాట బావ ఒక్కటంటే చాలు.

“రానేదమ్మా,” అన్నాడు అప్పలసూరి. “నిజివే. ఆ నెల మా రాజుకి ఒళ్లు బాగోనేదు. నా ఆడమనిసి సారు కూడా అట్టుకెల్లింది.”

ఆ చారు మాటకి ధనరాజు లోపల ఏదో పుటుక్కుమంది. పద్దెనిమిదేళ్లలో బావ అబద్ధమాడగా తను వినలేదు. మొదటిసారి ఆడినది ఇప్పుడు, ఇక్కడ, తన కోసం. పైగా తాను గట్టెక్కే దారిని తన చేత్తోనే మూసుకుంటూ ఆడాడు. ఆ ఫోటో ఉందని ఆయనకి తెలుసు. అందులో ఏం కనిపిస్తుందో కూడా తెలుసు, ఇద్దరూ తలలు ఆనించి చూసిందే కదా. అయినా అడగడం లేదు. చూపుతో కూడా అడగడం లేదు.

గోడ గడియారంలో మూడున్నర. గణపతిరావు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఎస్సైగారి నంబరు వెతుకుతున్నాడు.

“ఆగండి,” అన్నాడు ధనరాజు. “జొరం రాలేదు. నేను వచ్చాను.”

“ఒరే...” అన్నాడు అప్పలసూరి.

“నువ్వూరుకో బావా.” దాచిన ఫోటో వెతికి తెర మీద పెట్టాడు.

అనూరాధ ముందుకు వంగింది. నల్లటి తాబేలు, ఎదురుగా చేతిలో పెట్టుకున్నంత దగ్గరగా ఉంది. కిటికీ నీడ లేదు. ఎడమ వెనక కాలికి ఉండాల్సిన నాలుగు గోళ్లలో ఒకటి లేదు. చిప్ప అంచు కింద ఆవగింజంత బెజ్జం. ఆవిడ బల్ల మీది తాబేలుని తలకిందులు చేసి, సంచిలోంచి భూతద్దం తీసి, తెర వంక ఒకసారీ ఇత్తడి వంక ఒకసారీ చాలాసేపు చూసింది. ధనరాజుకి ఆ నిమిషాలు కొలవడానికి వేళ్లు చాలలేదు.

“మూడు గోళ్లు,” అంది చివరికి. “బెజ్జం అదే చోట. పోతపోసేటప్పుడు పడ్డ లోపం. ఇలాంటిది ఇంకోదానికి ఇలాగే రాదు. గణపతిరావు గారూ, ఫోను పెట్టేయండి. ఇది అదే తాబేలు.”

గణపతిరావు ఫోను బల్ల మీద పెట్టాడు. మొహంలో కోపం మాత్రం పెట్టెయ్యలేదు.

“ఈ ఫోటోకి గాజు లేదు,” అంది అనూరాధ ధనరాజు వైపు చూసి.

“లేదండి. నేనే తీయించాను. బావ వద్దన్నాడు. ప్రాణం తీసి తీయించాను. నల్లగా ఉన్నాడు, కన్ను తెలియడం లేదన్నదీ నేనే. అందుకే తోమాడు.” అక్కడితో ఆగలేదు. ఆపితే మళ్లీ చెప్పలేనని భయం వేసింది. “క్లబ్బులో ఫిల్టరని చెప్పాను. అదీ అబద్ధమే.”

ఎవరూ క్లబ్బు గురించి అడగలేదు. అయినా చెప్పేశాక మెడలో కెమెరా బరువు కొంచెం తగ్గినట్టనిపించింది.

“దొంగతనం కాదు, సంతోషం,” అంది అనూరాధ. “కానీ ఇది చిన్న తప్పూ కాదు. ఆ నలుపు మసి కాదయ్యా. మూడు వందల ఏళ్ల వయసు అది. దాన్ని మీరు ఒక మధ్యాహ్నంలో కడిగేశారు. ఇక తిరిగి రాదు.”

అప్పలసూరికి ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక పోలీసుల పేరు విన్నప్పుడు కూడా రాని నీళ్లు కళ్లలో తిరిగాయి. “తప్పయిపోనాది తల్లీ. సామి మురికితో ఉన్నాడనుకున్నాను గానీ, అది ఆయన వొయసని నాకు తెల్దు.”

గణపతిరావు తీర్పు చెప్పేశాడు. పోలీసులు అక్కర్లేదు. అప్పలసూరి రేపటినుంచి రానక్కర్లేదు. ధనరాజు ఈ గుమ్మం తొక్కక్కర్లేదు. శ్రీకాకుళం క్లబ్బుకి ఉత్తరం ఈ రోజే వెళుతుంది. తాళాల గుత్తి తీసి తన జేబులో వేసుకున్నాడు. ధనరాజు తల వంచుకుని లాప్‌టాప్ మూశాడు. వాదించడానికి ఏమీ లేదు.

“వెళ్లే ముందు ఒక పని చేసిపెట్టండి,” అంది అనూరాధ. “రిజిస్టరుకి ఒక ఫోటో కావాలి. ఇప్పుడున్నది ఉన్నట్టుగా. గాజు లేకుండా.”

నాలుగేళ్లుగా వినాలని తపించిన మాటని ఎదుటివాళ్లే అంటుంటే ధనరాజుకి ఏడుపొచ్చింది. కెమెరా కంటికి ఆనించాడు. బల్ల మీద తాబేలు పచ్చగా మెరుస్తోంది. వెనకాల మసకగా బావ పంచె, నడుం దగ్గర అలవాటుగా తాళాలు తడుముకుంటున్న చెయ్యి. ఒకటే నొక్కాడు.

అప్పలసూరి నెమ్మదిగా వచ్చి అతని భుజం పక్కన నిలబడి, తెరలోకి తొంగిచూశాడు.

“ఇప్పుడు కన్ను తెలస్తన్నాదేట్రా?”

“తెలస్తన్నాది బావా.”

“దీనికే కదరా తోమినాను,” అన్నాడు అప్పలసూరి.